హాల్లో సడి చేయని కంప్యూటర్



పసుపు మార్కెట్‌కు చేరి పైసలు చేతికొచ్చాక ఇంటికి పనికొచ్చే వస్తువొకటి కొనుక్కోవడం నిజామాబాద్ జిల్లా ఆర్మూర్, ఆలూర్, పెర్కిట్, అంకాపూర్ వైపు ఇళ్లలో మామూలే. ఈ మధ్య చాలా ఇళ్లలో ఆ వస్తువు హాల్లో గోడకు బిగించే పెద్ద టీవీ. టీవీ వచ్చిన కొన్నాళ్లకు పిల్లలు ఇంకో మాట ఎత్తుతారు, దీనికి ఒక చిన్న కంప్యూటర్ తగిలిద్దామని. సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు, ఫొటోలు, దుబాయ్‌లో ఉన్న అన్నతో వీడియో కాల్, అన్నీ ఒకే తెర మీద చూడొచ్చు. దీన్నే హోమ్ థియేటర్ పీసీ అంటారు.

దుకాణానికి వెళితే అమ్మేవాళ్లు ప్రాసెసర్ పేరు చెబుతారు, ర్యామ్ ఎంతో చెబుతారు. మీ హాల్ ఎట్లా ఉంటుందో ఎవరూ అడగరు. మే నెలలో ఆ గది ఎంత వేడెక్కుతుంది, దుమ్ము ఎటునుంచి వస్తుంది, కూలర్ ఏ కిటికీకి ఉంది, రాత్రి అందరూ పడుకున్నాక ఎవరు టీవీ చూస్తారు, బీరువాలో ఏ డిస్కులున్నాయి? ఏ కంప్యూటర్ కొనాలో తేల్చేవి ఈ సంగతులే. అందుకే ఈరోజు హాల్ వైపు నుంచి మాట్లాడుకుందాం.

ముందు అసలు ప్రశ్న. మీ ఇంటికి కంప్యూటర్ అవసరమేనా? మీరు చూసేవి ఆహా, ఈటీవీ విన్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వంటివే అయితే అవసరం లేదు. స్మార్ట్ టీవీలోని యాప్‌లు సరిపోతాయి. టీవీ పాతదైతే హెచ్‌డీఎంఐకి గుచ్చుకునే చిన్న స్టిక్ చాలు. దీనికి ఒక సాంకేతిక కారణం ఉంది. ఓటీటీ కంపెనీలు తమ సినిమాలను ఎవరూ కాపీ చేసుకోకుండా తాళం వేసి పంపుతాయి. గూగుల్ వారి వైడ్‌వైన్ అలాంటి తాళం. అందులో ఎల్1, ఎల్3 అని స్థాయిలున్నాయి. పేరున్న స్టిక్‌లకు, టీవీలకు పైస్థాయి ఎల్1 ఉంటుంది కాబట్టి పూర్తి నాణ్యతతో బొమ్మ వస్తుంది. కంప్యూటర్‌లోని బ్రౌజర్‌కు చాలాసార్లు కింది స్థాయే దక్కుతుంది. అందుకే ఎంత ఖరీదైన కంప్యూటర్‌లో చూసినా అదే సినిమా మసకగా కనబడవచ్చు. ఓటీటీ కోసమే వేలు పోసి కంప్యూటర్ కొంటే నిరాశ తప్పదు.

మరి కంప్యూటర్ ఎవరికి పనికొస్తుంది? చూడదగినవి సొంతంగా కూడబెట్టుకున్న ఇంటికి. మన వైపు అలాంటి ఇళ్లు తక్కువేం కాదు. అక్క పెళ్లి వీడియో క్యాసెట్, అన్న పెళ్లి వీసీడీ, చెల్లె పెళ్లి డీవీడీ, మేనల్లుడి పుట్టువెంట్రుకల ఫొటోలున్న పెన్‌డ్రైవ్, ఫోన్ మార్చినప్పుడల్లా మెమరీ కార్డుల్లో మిగిలిపోయిన వీడియోలు ఉంటాయి. వీటిని ఏ ఓటీటీ చూపించదు. స్టిక్‌లో వీటికి చోటూ చాలదు. వీటన్నిటినీ ఒకచోట చేర్చి, వరుసలో పెట్టి, ఇంట్లో ఎవరైనా రిమోట్‌తో తీసి చూసేటట్టు చేసేదే హోమ్ థియేటర్ పీసీ.

ఇందుకు కోడి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రెండువేల దశకం మొదట్లో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ ఆట యంత్రం మీద సినిమాలు చూసుకోవడానికి కొందరు ఔత్సాహికులు రాసుకున్న ప్రోగ్రామ్ అది. 2014లో కోడి అని పేరు మార్చుకుంది. మైక్రోసాఫ్ట్ తన విండోస్ మీడియా సెంటర్‌ను 2015లో విండోస్ 10తో వదిలేసింది. కోడి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. సినిమా పోస్టర్లతో, పెద్ద అక్షరాలతో దూరం నుంచి కనబడేటట్టు ఉంటుంది. నాలుగు బాణాలు, ఒక ఓకే బటన్ ఉంటే చాలు. పెద్దవాళ్లు కూడా తొందరగా అలవాటు పడతారు.

పెళ్లి వీడియోల గురించి ఇంకో మాట. మన దేశంలో 1982లో రంగుల టీవీ వచ్చినప్పుడు పాల్ పద్ధతిని ఎంచుకున్నారు. అందులో సెకనుకు 25 ఫ్రేములు. ఆ పద్ధతి కెమెరాలతో తీసిన వీడియోలు, వాటి డీవీడీలు అదే లెక్కలో ఉంటాయి. కంప్యూటర్ మామూలుగా టీవీకి సెకనుకు 60 సార్లు బొమ్మ పంపుతుంది. 60ని 25తో భాగిస్తే సరిగ్గా పోదు. దాంతో కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనబడతాయి. బరాత్‌లో కెమెరా పక్కకు తిరిగినప్పుడు బొమ్మ కుదుపులతో కదిలేది ఇందుకే. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో ఉంటాయి కాబట్టి వాటికీ ఇదే ఇబ్బంది. కోడి సెట్టింగుల్లో వీడియోను బట్టి తెర వేగాన్ని మార్చే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేస్తే పెళ్లి వీడియోకు 50, సినిమాకు 24 అని టీవీకి కంప్యూటరే చెబుతుంది. పైసా ఖర్చు లేకుండా బొమ్మ సాఫీగా మారుతుంది.

ఇప్పుడు చప్పుడు సంగతి. వేసవిలో పైన ఫ్యాన్, కిటికీకి కూలర్ తిరుగుతుంటే కంప్యూటర్ మోత చెవిన పడదు. చలికాలం రాత్రి ఫ్యాన్ ఆపేసి, పిల్లలు పడుకున్నాక సౌండ్ తగ్గించి సినిమా పెట్టుకున్నప్పుడు తెలుస్తుంది దాని రొద. సినిమాలో ఎవరైనా గుసగుసగా మాట్లాడితే ఆ మాట ఆ మోతలో కలిసిపోతుంది. చప్పుడును డెసిబెళ్లలో కొలుస్తారు. గుసగుస సుమారు 30 డెసిబెళ్లు. 10 డెసిబెళ్లు పెరిగితే మన చెవికి చప్పుడు దాదాపు రెట్టింపైనట్టు వినబడుతుంది. కాబట్టి సినిమా ఆడుతున్నప్పుడు కంప్యూటర్ చప్పుడు గుసగుస కన్నా తక్కువ ఉండాలి.

చప్పుడు చేసేవి రెండు, ఫ్యాన్, తిరిగే హార్డ్ డిస్క్. హార్డ్ డిస్క్ సంగతి సులువు. లోపల ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే తిరిగేది ఏమీ ఉండదు. ఫ్యాన్ విషయంలో గుర్తుంచుకోవలసింది దాని వేగం. వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు తగ్గుతుంది. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి ఇచ్చే గాలిని చిన్న ఫ్యాన్ ఇవ్వాలంటే చాలా వేగంగా తిరగాలి. అప్పుడు ఈలలాంటి సన్నని కూత వస్తుంది. అరచేతిలో పట్టే పెట్టెలు కొన్ని కూత పెట్టడానికి కారణం ఇదే. మరీ చిన్నదాని కోసం పట్టుబట్టకండి. ఒక మందపాటి పుస్తకమంత పెట్టె అయితే ఫ్యాన్‌కు ఊపిరాడే చోటుంటుంది.

అసలు ఫ్యానే లేని పెట్టె కొంటే పోదా అనిపిస్తుంది. పెట్టె పైభాగమంతా అల్యూమినియం రెక్కలుండి, వేడి వాటిలోంచి గాలిలోకి పోతుంది. వినడానికి బాగుంది. కానీ మన ఎండలను లెక్కలోకి తీసుకోవాలి. నిజామాబాద్ జిల్లాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకే రోజులుంటాయి. మధ్యాహ్నం రేకుల ఇంట్లోనో, పైన ఎండ పడే స్లాబ్ కిందనో 40 డిగ్రీలు మామూలే. ఫ్యాన్ లేని పెట్టెలో చిప్ గది వేడి కన్నా 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. డిసెంబర్‌లో గది 25 డిగ్రీలుంటే చిప్ 70 దగ్గర ఆగుతుంది. మే నెలలో గది 42 ఉంటే అదే చిప్ 87కు చేరుతుంది. అక్కడి నుంచి 100కు ఎంతో దూరం లేదు. సుమారు 100 డిగ్రీల దగ్గర చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. కాబట్టి పగలంతా వాడే ఇంట్లో, ఏసీ లేని హాల్లో, ఫ్యాన్ లేని పెట్టె కన్నా నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ ఉన్న పెట్టె మేలు. రాత్రిపూట మాత్రమే చూసేవాళ్లు, కింది అంతస్తులో చల్లని గది ఉన్నవాళ్లు ఫ్యాన్ లేనిది నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

వేడి తర్వాత దుమ్ము. పసుపు ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి, పాలిష్ పట్టే రోజుల్లో ఊళ్లో గాలే పచ్చగా ఉంటుంది. ఆ సన్నని పొడి ఇంట్లోకీ వస్తుంది. ఫ్యాన్ ఉన్న ప్రతి పెట్టె దాన్ని లోపలికి లాగుతుంది. రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు, వేడి పెరుగుతుంది, ఫ్యాన్ వేగం పెంచుకుంటుంది, మోత మొదలవుతుంది. కొన్నప్పుడు సడి లేని కంప్యూటర్ ఏడాది తిరిగేసరికి గుర్రుమనడానికి మూలం చాలాసార్లు ఇదే. నాలుగు స్క్రూలు తీస్తే అడుగు మూత ఊడి వచ్చేదాన్ని ఎంచుకోండి. పసుపు పనులు అయిపోయాక ఒకసారి, దసరా శుభ్రాలప్పుడు ఒకసారి మెత్తని బ్రష్‌తో దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది. కూలర్ గాలి నేరుగా తగిలే చోట కంప్యూటర్ పెట్టకండి. ఆ తేమకు దుమ్ము తోడైతే రెక్కల మీద బంకలా పట్టేస్తుంది.

పెట్టే చోటు గురించి ఇంకొంత. టీవీ కింద చెక్క షోకేసులో, అద్దం తలుపు వెనక పెట్టి మూసేస్తే చప్పుడు తగ్గినట్టే ఉంటుంది, కానీ వేడి లోపలే తిరుగుతుంది. వెనక పలకకు పెద్ద రంధ్రాలైనా ఉండాలి, తలుపైనా తెరిచి ఉంచాలి. పెట్టె అడుగున రబ్బరు బిళ్లలు అతికిస్తే చెక్క అదరదు. చాలా చిన్న కంప్యూటర్లతో టీవీ వెనక బిగించుకునే పలక వస్తుంది. టీవీకీ గోడకూ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటేనే అలా బిగించండి.

ఇక లోపలి చిప్. సడి లేని యంత్రానికి మూలం ఇక్కడే ఉంది. వీడియోలను ఇంటర్నెట్‌లో పంపడానికి కుదించి దాస్తారు. ఆ కుదించే పద్ధతులు ఏళ్లుగా మారుతూ వచ్చాయి. 2003లో హెచ్.264, 2013లో హెచ్‌ఈవీసీ, 2018లో ఏవీ1 వచ్చాయి. యూట్యూబ్ ఇప్పుడు వీపీ9, ఏవీ1 పద్ధతులను బాగా వాడుతోంది. వీటిని విప్పడానికి చిప్‌లో ప్రత్యేక భాగం ఉంటే పని తేలిగ్గా అయిపోతుంది. లేకపోతే ప్రాసెసర్ తన శక్తినంతా పెట్టి విప్పాలి. చేత్తో గోనెసంచిలో వేసి రుద్దే పసుపుకూ డ్రమ్ములో పాలిష్ పట్టే పసుపుకూ ఉన్నంత తేడా అది. ప్రాసెసర్ చెమటోడ్చినప్పుడే వేడి, వేడి వల్లే ఫ్యాన్ మోత. సరైన చిప్ ఉంటే 4కె సినిమా ఆడుతున్నా ఫ్యాన్ మేలుకోదు.

ఇంటెల్ 2023 మొదట్లో తెచ్చిన ఎన్100 అనే చిప్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. నాలుగు కోర్లు, కంపెనీ చెప్పిన విద్యుత్ లెక్క 6 వాట్లు. పైన చెప్పిన పద్ధతులన్నిటినీ విప్పే భాగం అందులో ఉంది. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. ఎక్కువ పెట్టినంత మాత్రాన సినిమా బాగా కనబడదు.

రెండో దారి, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరికే ఆఫీసు పాత పెట్టెలు. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ ఆ కోవలోవి. గట్టివి, మూత సులువుగా తీయవచ్చు. వీటిలో ప్రాసెసర్ ఏ తరానిదో చూసుకోవాలి. ఇంటెల్ ఏడో తరం నుంచి 10 బిట్ హెచ్‌ఈవీసీ విప్పగలవు. ఏవీ1 కావాలంటే పదకొండో తరం దాకా రావాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది. కాబట్టి ఎనిమిదో తరం కన్నా పాతది కొనవద్దు. వెనక హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే ఉంటే 4కె బొమ్మ సెకనుకు 30 ఫ్రేములకే ఆగుతుంది, 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి.

మూడో దారి రాస్ప్‌బెర్రీ పై. చేతిలో ఇమిడే ఈ చిన్న బోర్డుకు లిబ్రెఎలెక్ అనే ఉచిత వ్యవస్థ ఎక్కిస్తే అది పూర్తిగా కోడి యంత్రమైపోతుంది. దీనికో మంచి గుణం ఉంది, హెచ్‌డీఎంఐ తీగ ద్వారానే టీవీ రిమోట్ మాట వింటుంది. మామూలు చిన్న కంప్యూటర్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉండదు, వాటికి వేరే రిమోట్ కావాలి. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లో హెచ్‌ఈవీసీ విప్పే భాగం ఉంది, ఏవీ1కు లేదు. కాబట్టి సొంత వీడియోలకు బాగుంటుంది, 4కె యూట్యూబ్‌కు ఎన్100 మేలు.

కరెంటు లెక్క కూడా వేసుకుందాం. మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌నే టీవీకి తగిలిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. అది 60 వాట్లు తీసుకుంటే, రోజుకు ఐదు గంటల చొప్పున నెలకు 9 యూనిట్లు. 10 వాట్ల చిన్న పెట్టె అదే వాడకానికి ఒకటిన్నర యూనిట్. కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ అందుకునేలోపు కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంటే, ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ ఉందేమో చూడండి. అందులో మార్పు వేగంగా జరుగుతుంది. వైఫై రౌటర్‌కు వాడే బుల్లి యూపీఎస్‌ను 12 వోల్టులే కదా అని కంప్యూటర్‌కు తగిలించకండి. ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో, ఎన్ని కావాలో రెండింటి మీదా రాసి ఉంటుంది, సరిపోల్చుకోండి.

గల్ఫ్‌కు మనుషులు పోయిన ఇళ్లు మన దగ్గర ఎన్నో. వీడియో కాల్‌లో చిన్న ఫోన్ చుట్టూ అందరూ తలలు పెట్టి మాట్లాడే బదులు అవతలి మనిషి టీవీలో నిండుగా కనబడితే ఆ సంతోషం వేరు. నానమ్మ మనవడి ముఖం కళ్లద్దాలు సవరించుకోకుండా చూడగలుగుతుంది. టీవీ మీద ఒక వెబ్‌క్యామ్ పెడితే చాలు. దుబాయ్ నుంచి వాట్సాప్ వీడియో కాల్ నడవదు, ఆ దేశం అనుమతించిన బోటిమ్ వంటి యాప్ కావాలి. మైక్‌ను కంప్యూటర్‌కు దూరంగా, మీకు దగ్గరగా పెట్టండి. మీ చెవి పట్టించుకోని ఫ్యాన్ రొదను మైక్ పట్టుకుని అవతలికి పంపుతుంది. సడి లేని పెట్టె విలువ అక్కడ ఉన్న మనిషికి కూడా తెలుస్తుంది.

రిమోట్ బదులు వాడే వైర్‌లెస్ కీబోర్డు తడబడుతుంటే దాని బుల్లి డాంగిల్ ఎక్కడ గుచ్చారో చూడండి. పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ ఉంటే దాని వల్ల సిగ్నల్ చెడుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను ముందుకు తెస్తే సరిపోతుంది.

కొనేటప్పుడు దుకాణంలో ఈ పరీక్షలు చేయించండి. యూట్యూబ్‌లో 4కె వీడియో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేస్తే స్టాట్స్ ఫర్ నెర్డ్స్ అని వస్తుంది. అందులో ఏ పద్ధతి వీడియో ఆడుతోందో, ఎన్ని ఫ్రేములు జారిపోయాయో కనబడుతుంది. కాసేపయ్యాక కూడా ఆ సంఖ్య పెరుగుతూ పోతే ఆ పెట్టె వద్దు. మీ ఇంటి పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఆడించండి. తర్వాత పెట్టెకు దగ్గరగా చెవి పెట్టి వినండి. బజారు మోతలో తెలియకపోతే, ఇంట్లో రాత్రిపూట విని తిరిగి ఇచ్చే వీలుందా అని ముందే అడగండి.

చివరగా నా మనవి ఒక్కటి. కంప్యూటర్ కొనడానికి ముందే చేయవలసిన పని ఉంది. బీరువాలోని డిస్కులన్నీ బయటికి తీయండి. రాసుకునే డీవీడీలు రంగు పూత మీద ఆధారపడతాయి. వేడికి, వెలుతురుకు ఆ పూత చెడిపోతుంది. మన ఎండల్లో అది ఇంకా తొందరగా జరగవచ్చు. కొత్త చిన్న కంప్యూటర్లలో డిస్క్ పెట్టే చోటే ఉండదు, యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కొనండి, లేదా తెలిసినవాళ్ల దగ్గర తెచ్చుకోండి. డీవీడీలో వీడియో టీఎస్ అనే ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేయండి. వీసీడీ అయితే ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డర్‌లోని డాట్ ఫైల్‌ను తీసుకోండి. మళ్లీ కుదించకండి, ఉన్న నాణ్యత పోతుంది. వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఫొటో స్టూడియో దొరికితే ఆలస్యం చేయకండి. ఒక డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. అంటే ఒక టెరాబైట్ డిస్కులో అలాంటివి రెండు వందలు సులువుగా పడతాయి. రెండు డిస్కుల్లో రెండు ప్రతులు చేసి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి.

అన్నీ చేర్చాక మీ దగ్గర ఏమున్నాయో, ఎంత ఉన్నాయో తెలుస్తుంది. అప్పుడు హాల్ చూసుకోండి, వేడి చూసుకోండి, దుమ్ము చూసుకోండి. ఏ పెట్టె కొనాలో మీకే స్పష్టమవుతుంది. అది కొనడం ఒక నెల ఆలస్యమైనా నష్టం లేదు, దుకాణంలో మళ్లీ దొరుకుతుంది. డిస్క్ చెడిపోయాక ఆ పెళ్లి, అందులో నవ్వుతూ కనబడే తాత మాత్రం ఏ దుకాణంలోనూ దొరకరు. కాబట్టి ఈ ఆదివారమే బీరువా తెరవండి.